కెమెరాలో నలక: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే బాధ. కెమెరాలోకి దుమ్ము వెళ్లింది, ఏం చేయాలి అని. అందుకే మిగతా ప్రశ్నల్ని వచ్చే సంచికకు ఉంచి, ఈ నెల పేజీలన్నీ దీనికే ఇచ్చాను. నేను ఎక్కువగా తీసేది పక్షుల్ని. పక్షి వెనక ఉండేది ఆకాశమే కాబట్టి సెన్సార్ (కెమెరా లోపల ఫొటోను పట్టే పలక) మీద ఎంత చిన్న నలక పడినా నా ఫొటోలో బయటపడిపోతుంది. పదిహేడేళ్లుగా ఈ నలకలతో వేగుతున్నాను. అలా నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, నా డీఎస్ఎల్ఆర్ కొని రెండేళ్లయింది. మొన్న సూర్యాస్తమయం ఫొటోలు తీస్తే ఆకాశంలో నాలుగైదు నల్లటి చుక్కలు వచ్చాయి. లెన్స్ ముందు గాజును ఎన్నిసార్లు తుడిచినా పోలేదు. ఇంట్లో మా పాపకు తీసిన ఫొటోల్లో మాత్రం ఒక్క చుక్క కూడా లేదు. కెమెరా పాడైపోయిందా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: కెమెరాకు ఏమీ కాలేదు, నిశ్చింతగా ఉండండి. మీకు జరిగిందే నాకూ జరిగింది. ఒక తెల్లవారుజామున ఎగిరే కొంగల గుంపును ఎదురు వెలుగులో తీశాను. కంప్యూటర్లో చూస్తే గుంపుకు దూరంగా, పైన ఒక మూల, ఇంకో పక్షి ఉన్నట్టు మసక చుక్క. తర్వాతి ఫొటోలో గుంపు ముందుకు జరిగింది, ఆ చుక్క జరగలేదు. ఆ తర్వాతి దాంట్లోనూ అక్కడే ఉంది. ఫ్రేమ్ మారినా చోటు మారలేదంటే అది బయటి వస్తువు కాదు, సెన్సార్ మీది నలక. మీ ఫొటోలు నాలుగు పక్కపక్కన పెట్టి చూడండి, మీకే తెలుస్తుంది.

లెన్స్ ముందు గాజు తుడిస్తే ఈ చుక్కలు పోవు. ఆ గాజు మీది దుమ్ము ఫోకస్‌కు చాలా దూరంలో ఉంటుంది. ఎదురు వెలుగులో ఫొటో కాస్త పాలిపోయేలా చేస్తుంది తప్ప, మామూలుగా చుక్కగా కనిపించదు. మీ నలక ఉన్నది లెన్స్ వెనక, సెన్సార్‌ను కప్పి ఉంచే పలుచని గాజు ఫిల్టర్ మీద.

మరి పాప ఫొటోల్లో ఎందుకు రాలేదు? లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రమే అపర్చర్. ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ ఆ రంధ్రం చిన్నదవుతుంది. ఇంట్లో వెలుగు తక్కువ కాబట్టి అపర్చర్ ఎఫ్/2.8 దగ్గరో ఎఫ్/4 దగ్గరో ఉండి ఉంటుంది. సూర్యాస్తమయానికి ఎఫ్/16 పెట్టి ఉంటారు. ట్యూబ్‌లైట్ కింద చెయ్యి పెడితే నీడ అంచులు మసకగా ఉంటాయి. సన్నటి టార్చి ముందు పెడితే గీత గీసినట్టు పడుతుంది. ఇదీ అంతే. నలకకూ, కింద సెన్సార్‌లో వెలుగును పట్టే పిక్సెళ్లకూ మధ్య 2 మిల్లీమీటర్ల ఎడం ఉందనుకుందాం. ఎఫ్/2.8 దగ్గర ఒక్కో పిక్సెల్‌కు చేరే వెలుగు, నలక ఉన్న ఎత్తులో దాదాపు 0.7 మిల్లీమీటర్ల వెడల్పున పరుచుకుని ఉంటుంది. ఎఫ్/22 దగ్గర అదే వెలుగు 0.09 మిల్లీమీటర్లకు సన్నబడుతుంది. నలక వెడల్పు 0.05 మిల్లీమీటర్లు అయితే, మొదటి సందర్భంలో అది అడ్డుకునేది నూటికి అర వంతు వెలుగు. రెండో దాంట్లో నూటికి ముప్పై వంతులు. నలక అదే, నీడే మారింది.

ఇప్పుడు పరీక్ష ఎలా చేయాలో చెబుతాను. కెమెరాను అపర్చర్ ప్రయారిటీలో (అపర్చర్‌ను మనమే ఎంచుకునే మోడ్) పెట్టి ఎఫ్/22, ఐఎస్ఓ (వెలుగుకు సెన్సార్ స్పందించే స్థాయి) 100 ఎంచుకోండి. ఎక్స్‌పోజర్ ఒక స్టాప్, అంటే రెట్టింపు వెలుగుకు, పెంచండి. ఆటోఫోకస్ ఆపేసి ఫోకస్‌ను అనంతానికి తిప్పండి. తెల్ల గోడకో, కంప్యూటర్ తెరపై తెరిచిన తెల్ల పేజీకో దగ్గరగా వెళ్లి, క్లిక్ అవుతున్నంతసేపూ కెమెరాను మెల్లగా అటూఇటూ కదపండి. గోడ మీది మరకలన్నీ కదలికలో చెరిగిపోతాయి. కదలకుండా మిగిలిన మచ్చలు మాత్రమే సెన్సార్‌వి. ఫొటోను నూరు శాతం జూమ్ చేసి ఒక మూల నుంచి ఇంకో మూలకు వరసగా చూడండి.

ఎఫ్/22లో కనిపించిన ప్రతి చుక్కనూ తీసేయాల్సిన పని లేదు. అదే పరీక్ష ఎఫ్/8లో, ఎఫ్/11లో కూడా చేయండి. అక్కడ ఏమీ కనిపించకపోతే కెమెరాను ముట్టుకోకండి. ఎఫ్/22లో వెలుగు వంగడం వల్ల ఫొటో పదును ఎలాగూ కాస్త తగ్గుతుంది. తప్పనిసరి అయితే తప్ప నేను ఎఫ్/11 దాటను.

ప్రశ్న: కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్‌లో చూస్తే వెంట్రుకలాంటిది అడ్డంగా కనిపిస్తోంది. ఫొటోలో మాత్రం రావడం లేదు. ఏమిటది?

జవాబు: అది డీఎస్ఎల్ఆర్ లోపల లెన్స్ వెనక ఉండే అద్దం మీద గానీ, దాని పైనుండే ఫోకసింగ్ స్క్రీన్ అనే పలుచని తెర మీద గానీ ఉన్న పోగు. ఫొటో తీసే క్షణంలో అద్దం పైకి లేస్తుంది కాబట్టి ఫొటోలోకి రాదు. బ్లోయర్‌తో (గాలి ఊదే రబ్బరు బుడ్డి) రెండుసార్లు ఊదండి. పోతే పోయింది, లేకపోతే వదిలేయండి. అద్దాన్నీ, పైనున్న స్క్రీన్‌నూ బట్టతో గానీ దూదితో గానీ తుడవకండి. అవి చాలా సుకుమారం, గీత పడితే ఇక పోదు.

ప్రశ్న: సెన్సార్‌ను ఇంట్లోనే శుభ్రం చేసుకోవచ్చా? కీబోర్డు దులపడానికి వాడే గాలి డబ్బా నా దగ్గర ఉంది. అదీ కాకపోతే నోటితో గట్టిగా ఊదితే పోదా?

జవాబు: ఆ రెండూ వద్దని చేతులెత్తి అడుగుతున్నాను. గాలి డబ్బాలో ఉండేది ఒత్తిడితో ద్రవంగా మార్చిన వాయువు. డబ్బా కాస్త వంగితే ఆ ద్రవమే చిమ్మి గాజు మీద మరకగా అంటుకుంటుంది. దాని వేగం సెన్సార్ ముందు తెరుచుకుని మూసుకునే షట్టర్ రేకులకూ మంచిది కాదు. ఇక నోటి సంగతి. నా మొదటి కెమెరాకు నేను చేసింది అదే. ఒక్కసారే ఊదాను. కంటికి కనిపించనంత ఉమ్మి తుంపర పడి ఆరిపోయింది. ముందు ఒక్క నలక ఉన్న చోట, పొక్కుల్లాంటి పదకొండు మచ్చలు లెక్కపెట్టాను. ఊదితే పోయే నలకను తుడిస్తే తప్ప పోని మరకగా నేనే మార్చుకున్నాను.

ఇంట్లో చేసుకోవచ్చు. అయితే మెట్టు తర్వాత మెట్టుగా వెళ్లాలి. ఏ మెట్టు దగ్గర పని జరిగితే అక్కడే ఆగాలి.

మొదట కెమెరాలోనే ఉన్న సెన్సార్ క్లీనింగ్. 2003లో వచ్చిన ఒలింపస్ ఈ-1తో ఇది మొదలైంది. 2006లో వచ్చిన కెనాన్ ఈఓఎస్ 400డీలోనూ పెట్టారు. ఇప్పుడు లెన్స్ మార్చే కెమెరాల్లో చాలావాటికి ఉంది. సెన్సార్ మీది గాజును చాలా వేగంగా వణికించి నలకను కిందికి రాలుస్తుంది. రాలింది మళ్లీ లేవకుండా చాలా కెమెరాల్లో అడుగున జిగురు పట్టీ ఉంటుంది. అందుకే దీన్ని నడిపేటప్పుడు కెమెరాను మామూలుగా నిలబెట్టినట్టు బల్ల మీద పెట్టండి. వెల్లకిలా పడుకోబెడితే నలక రాలేది ఎక్కడికి?

దానితో పోకపోతే బ్లోయర్. రబ్బరు బుడ్డిలా ఉంటుంది, నొక్కితే గాలి వస్తుంది. బ్యాటరీ నిండుగా ఉండాలి. డీఎస్ఎల్ఆర్ అయితే మెనూలో శుభ్రం చేయడానికే ఇచ్చిన ఆప్షన్ ఎంచుకుని అద్దాన్ని పైకి లేపాలి. మధ్యలో బ్యాటరీ అయిపోతే అద్దం, షట్టర్ ఒక్కసారిగా పడిపోతాయి. బల్బ్ మోడ్‌లో (బటన్ నొక్కినంతసేపూ షట్టర్ తెరిచి ఉండే మోడ్) పెట్టి వేలితో నొక్కిపట్టే పని అసలు చేయకండి, వేలు జారితే అదే ప్రమాదం. బ్లోయర్‌ను ముందు పక్కకు తిప్పి నాలుగుసార్లు నొక్కండి, దాని ముక్కులో ఉన్న దుమ్ము అటే పోతుంది. ఆ తర్వాత కెమెరా నోరు నేలవైపు ఉండేలా పట్టుకుని కింద నుంచి పైకి ఊదండి. బ్లోయర్ ముక్కు లెన్స్ బిగించే రింగును దాటి లోపలికి వెళ్లకూడదు. పది సార్లు చాలు. మళ్లీ తెల్ల గోడ పరీక్ష చేయండి. నా అనుభవంలో పదిసార్లలో ఎనిమిదిసార్లు పని ఇక్కడితో అయిపోయింది.

ఇంకా మొండిగా మిగిలితే తడి స్వాబ్, అంటే చివర బట్ట చుట్టిన చదునైన పుల్ల. ఇక్కడ నిదానం కావాలి. స్వాబ్ వెడల్పు మీ సెన్సార్ ఎత్తుకు సరిపోవాలి. ఫుల్ ఫ్రేమ్ అనే పెద్ద సెన్సార్‌కు 24 మిల్లీమీటర్లది, ఏపీఎస్-సీ అనే చిన్న సెన్సార్‌కు 16 మిల్లీమీటర్లది దొరుకుతాయి. సెన్సార్ల కోసమే చేసిన ద్రవం ఒకటి రెండు చుక్కలు స్వాబ్ అంచున వేసి, బట్ట పీల్చుకునేదాకా కొన్ని సెకన్లు ఆగండి. నా మొదటి ప్రయత్నంలో భయం కొద్దీ ఐదు చుక్కలు వేశాను. మరక పోయింది గానీ అంచున ద్రవం ఆరిన చార మిగిలింది. దాన్ని తీయడానికి ఇంకో మూడు స్వాబ్‌లు పట్టాయి. ఒక అంచు నుంచి రెండో అంచుకు ఒకే లాగు. స్వాబ్ తిప్పి, రెండో వైపుతో వెనక్కి ఒకే లాగు. పెన్నుతో రాసేటప్పుడు కాగితాన్ని నొక్కేంత ఒత్తిడి కూడా అక్కర్లేదు. ఆ స్వాబ్‌ను మళ్లీ వాడొద్దు. అందులో చిక్కిన రేణువే రెండోసారి గీత పెడుతుంది. చెవులు తుడుచుకునే దూది పుల్లలు, కళ్లజోడు బట్ట, టిష్యూ కాగితం దీనికి పనికిరావు.

నలక ఎక్కడుందో వెతకడానికి ఒక గుర్తు. లెన్స్ పెట్టే నోట్లోంచి ఎదురుగా చూస్తే, ఫొటోలో పైనున్న మచ్చ సెన్సార్ మీద కింద ఉంటుంది. కుడి ఎడమలు మాత్రం మారవు. ఫొటోలో పైన ఎడమ మూల మచ్చ ఉంటే, మీ కళ్లకు ఎదురుగా కింద ఎడమ మూల చూడాలి.

చెయ్యి వణుకుతుందనుకుంటే స్వాబ్ మెట్టు మీరు ఎక్కొద్దు, సర్వీస్ సెంటర్‌కు ఇవ్వండి. అందులో చిన్నతనం ఏమీ లేదు. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోండి. ఒకసారి శుభ్రం చేసి ఇచ్చారని నమ్మి కెమెరా ఇంటికి తెచ్చుకున్నాను. చూస్తే పాత మచ్చలు రెండు అలాగే ఉన్నాయి, కొత్తగా ఒక పోగు చేరింది. తొమ్మిది రోజులు ఆగి తెచ్చుకున్న కెమెరా అది, బాధేసింది. అప్పటినుంచి ఇచ్చే ముందు ఎఫ్/16లో ఒక పరీక్ష ఫొటో, తీసుకునేటప్పుడు కౌంటర్ దగ్గరే ఇంకొకటి తీస్తున్నాను. మీరూ అలాగే చేయండి, ఎవరూ కాదనరు.

ప్రశ్న: కెమెరా కొని మూడు వారాలే. లెన్స్ ఒక్కసారి కూడా మార్చలేదు. అయినా ఎడమ పై మూలలో గుండ్రటి మచ్చలు. బ్లోయర్‌తో కదలడం లేదు.

జవాబు: లెన్స్ తీయకపోయినా మచ్చలు రావచ్చు. కొత్త కెమెరాలో కదిలే భాగాల నుంచి చిన్న తుంపులు, కందెన నూనె తుంపరలు సెన్సార్ మీద పడుతుంటాయి. నూనె చుక్క గుండ్రంగా ఉంటుంది, చాలాసార్లు నడిమి భాగం అంచుకన్నా లేత రంగులో కనిపిస్తుంది. ఊదితే పోదు. వారంటీలో ఉంది కాబట్టి మీరు స్వాబ్ పెట్టకండి, పరీక్ష ఫొటోతో సహా కంపెనీకే పంపండి. మచ్చలు మళ్లీ మళ్లీ వస్తుంటే మళ్లీ మళ్లీ అడగండి. 2012లో వచ్చిన నికాన్ డీ600లో ఇలాంటి మచ్చలు వస్తున్నాయని వాడేవాళ్లు పట్టుబట్టి అడిగారు. 2013లో కంపెనీ దాని మీద ప్రకటన ఇచ్చింది. 2014లో వారంటీ దాటినవాటికి కూడా ఉచితంగా శుభ్రం చేసి, షట్టర్ మారుస్తామని చెప్పింది. అడగడానికి మొహమాటపడకండి.

ప్రశ్న: డీఎస్ఎల్ఆర్ నుంచి లోపల అద్దం ఉండని మిర్రర్‌లెస్‌కు మారాను. లెన్స్ తీయగానే సెన్సార్ ఎదురుగా కనిపిస్తుంటే గుండె ఝల్లుమంటోంది. లెన్స్ మార్చాలంటేనే భయం.

జవాబు: మీ భయంలో నిజం ఉంది. డీఎస్ఎల్ఆర్‌లో ముందు అద్దం, వెనక షట్టర్ రేకులు అడ్డుగా ఉంటాయి. చాలా మిర్రర్‌లెస్‌లలో ఆ రెండూ అడ్డు ఉండవు. కొన్నింటికి ఇప్పుడు తెర పెడుతున్నారు. 2018లో వచ్చిన కెనాన్ ఈఓఎస్ ఆర్, స్విచ్ ఆపగానే షట్టర్ మూసేస్తుంది. 2021లో వచ్చిన నికాన్ జెడ్9లో సెన్సార్‌ను కప్పే రేకు విడిగా ఉంది. కొన్ని కెమెరాల్లో ఇది మెనూలో ఆపి ఉంటుంది, మీ మెనూ ఒకసారి వెతకండి. కాకపోతే షట్టర్ మూసి ఉన్నప్పుడు దాని మీద బ్లోయర్‌తో ఊదకండి, వేలు పెట్టకండి. ఆ రేకులు చాలా పలుచన.

ఇందులో ఒక మేలు కూడా ఉంది. సెన్సార్ అంత దగ్గరగా కనిపిస్తోంది కాబట్టి ఊదడం సులభం, అద్దం లేపే తతంగం లేదు. చెయ్యి వణుకును సరిచేయడానికి సెన్సారే కదిలే కెమెరా అయితే స్వాబ్ మరింత తేలిక చేత్తో వాడాలి.

లెన్స్ మార్చేటప్పుడు నేను చేసేది ఇది. స్విచ్ ఆపుతాను. గాలికి వీపు పెట్టి నిలబడతాను. పెట్టబోయే లెన్స్ వెనక మూతను ముందే వదులు చేసి ఉంచుతాను. కెమెరా నోరు నేలవైపు తిప్పి మారుస్తాను. అలవాటైతే ఐదు సెకన్ల పని. లెన్స్ వెనక మూతలు, కెమెరా బాడీ మూత ఎప్పుడైనా కడిగారా? జేబులో, సంచి అడుగున పడి ఉండే ఆ మూతల లోపలి దుమ్మే లెన్స్ వెనక గాజుకు అంటి, అక్కడినుంచి సెన్సార్‌కు చేరుతుంది. సబ్బు నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాక వాడండి. సంచిని కూడా నెలకోసారి తిరగేసి దులపండి.

ప్రశ్న: నాది లెన్స్ ఊడని చిన్న జూమ్ కెమెరా. దానిలోకి కూడా దుమ్ము ఎలా వెళ్లింది?

జవాబు: జూమ్ గొట్టం బయటికి వచ్చినప్పుడల్లా లోపలికి గాలి పీల్చుకుంటుంది, గాలితోపాటే దుమ్ము. పైగా చిన్న సెన్సార్ మీద అదే నలక పెద్దదిగా కనిపిస్తుంది. దీన్ని విప్పితే తప్ప శుభ్రం చేయలేం, విప్పడం ఇంట్లో చేసే పని కాదు. వాక్యూమ్ క్లీనర్ గొట్టం ఆనించి పీల్చే చిట్కా కొందరు చెబుతారు. సన్నటి మోటార్లు, పళ్ల చక్రాలు ఉన్న గొట్టాన్ని అలా లాగడం నాకు ఇష్టం లేదు, మీకూ చెప్పను. జేబులో నేరుగా పెట్టకుండా చిన్న సంచిలో పెట్టుకోండి.

ప్రశ్న: నాన్నగారు పోయిన రెండో నెలలో ఆయన గదిలో రాత్రి ఫ్లాష్‌తో ఫొటోలు తీశాను. గాలిలో తెల్లటి గుండ్రాలు తేలుతున్నట్టు వచ్చాయి. నాన్నే వచ్చారని అమ్మ అంటోంది. కెమెరాలో దుమ్మా? అమ్మకు ఏం చెప్పను?

జవాబు: ముందుగా మీకూ, అమ్మగారికీ నా సానుభూతి. మా ఇంట్లోనూ ఒక ఫొటో ముందు అలా కూర్చుండిపోయిన రోజులున్నాయి.

ఇది కెమెరా లోపలి దుమ్ము కాదు, గదిలో గాలిలో తేలే దుమ్ము. చిన్న కెమెరాల్లో, ఫోన్లలో ఫ్లాష్ లెన్స్‌కు ఆనుకుని ఉంటుంది. లెన్స్‌కు జానెడు దూరంలోపు తేలే రేణువు మీద ఆ వెలుగు తీవ్రంగా పడుతుంది. రేణువు ఫోకస్‌లో ఉండదు కాబట్టి చుక్కగా కాక గుండ్రటి బిళ్లలా పరుచుకుంటుంది. చాలా రోజులు మూసి ఉన్న గది తలుపు తీసి, పక్క దుప్పటి కదిపి ఉంటే ఇంకా ఎక్కువ వస్తాయి. అదే గదిలో ఫ్లాష్ ఆపి, దీపాలన్నీ వేసి తీయండి, గుండ్రాలు రావు.

ఏం చెప్పాలో మీకే బాగా తెలుసు. నేనైతే ఇప్పుడే వాదించను. ఆ గదిలో పగటి వెలుగులో, ఫ్లాష్ లేకుండా, నాన్నగారి కుర్చీ, కళ్లజోడు, పుస్తకాలు మంచిగా ఒకసారి తీసి అమ్మగారికి ఇస్తాను.

ప్రశ్న: రాత్రి ఫొటోలన్నింటిలో ఒకే చోట ఎర్రటి చుక్క. ఇదీ దుమ్మేనా?

జవాబు: కాదు. దుమ్ము నల్లగా, అంచులు మసకగా ఉంటుంది. ఎర్రగానో నీలంగానో వెలుగుతూ సూదిమొనలా ఉంటే అది హాట్ పిక్సెల్, అంటే వెలుగు పడకపోయినా వెలిగినట్టు కనిపించే పిక్సెల్. ఎక్స్‌పోజర్ సమయం పెరిగేకొద్దీ, సెన్సార్ వేడెక్కేకొద్దీ ఎక్కువవుతాయి. కొన్ని కెమెరాల మెనూలో అలాంటివాటిని గుర్తించి కప్పే పిక్సెల్ మ్యాపింగ్ ఉంటుంది, నడిపితే పోతుంది. దీనికి తుడుపు పని లేదు.

ప్రశ్న: పాత లెన్స్ ఒకటి తక్కువకు కొన్నాను. టార్చి వేసి చూస్తే లోపల గాజుల మధ్య దుమ్ము కనిపిస్తోంది. విప్పించాలా?

జవాబు: టార్చి వేసి చూస్తే కొత్త లెన్స్‌లోనూ కొంత దుమ్ము కనిపిస్తుంది. ఫొటో తీసి చూడండి, తేడా ఉండదు. విప్పి మళ్లీ బిగించేటప్పుడు గాజుల వరస వెంట్రుక వాసి తప్పినా పదును పోతుంది. దుమ్ముకన్నా అది పెద్ద నష్టం. కాకపోతే కనిపించేవి విడివిడి చుక్కలో, దారాల్లా అల్లుకున్నవో జాగ్రత్తగా చూడండి. సాలెగూడులా కొమ్మలు వేసి ఉంటే అది బూజు. గాజు పూతను తినేస్తుంది, పెరుగుతుంది. అప్పుడు మాత్రం ఆలస్యం చేయకుండా నిపుణుడికి చూపించండి. మిగతా లెన్స్‌లను దానికి దూరంగా, తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండే డబ్బాలో పెట్టండి.

ప్రశ్న: సెన్సార్ శుభ్రం చేయించాను, సంతోషం. కానీ అంతకుముందు తీసిన ఆరువందల ఫొటోల్లో మచ్చ ఉంది. అన్నీ విడివిడిగా దిద్దాలా?

జవాబు: అక్కర్లేదు. మచ్చ ఒకే చోట ఉండడం ఇక్కడ మీకు కలిసొస్తుంది. ఫొటోలు దిద్దే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక ఫొటో తెరిచి, మచ్చలు తీసే పనిముట్టులో విజువలైజ్ స్పాట్స్ అనే గడిని టిక్ చేయండి. ఫొటో నలుపు తెలుపుగా మారి మచ్చలు వలయాల్లా తేలతాయి. వాటిని దిద్ది, ఆ దిద్దుబాటును మిగతా ఫొటోలకు సింక్ చేయండి. చిన్న అపర్చర్‌లో తీసినవాటిని ముందు విడదీసుకుంటే పని తగ్గుతుంది, పెద్ద అపర్చర్‌లో తీసినవాటిలో దిద్దడానికి ఏమీ ఉండదు.

సింక్ చేశాక అన్నీ ఒకసారి తిప్పి చూడాల్సిందే. ఉత్త ఆకాశం మీద పడిన మచ్చ చక్కగా కలిసిపోతుంది. అదే మచ్చ ఇంకో ఫొటోలో ముఖం మీదో, రెక్క అంచు మీదో పడితే సాఫ్ట్‌వేర్ పక్కనున్నది తెచ్చి అతికిస్తుంది. నా కొంగల ఫొటోల్లో ఒక పక్షికి అలా రెక్క చివర రెండుసార్లు మొలిచింది. అలాంటివి ఓ పది పదిహేను ఉంటాయి, వాటిని మాత్రం చేత్తో దిద్దుకోండి. దిద్దడం పూర్తయ్యాక కూడా కెమెరా నుంచి నేరుగా వచ్చిన అసలు ఫైళ్లు (రా ఫైళ్లు) చెరపొద్దు.